ఆకుపచ్చ గీతను కొలిచిన ఆంగ్‌స్ట్రామ్ పండితుడు

పై తరగతులలో భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు కాంతి తరంగముల పొడవులను దెలుపు పట్టికలను చూచియే యుందురు. ఆ పట్టికలలో అంకెల ప్రక్కన రోమను లిపిలోని మొదటి యక్షరమును, దాని తలపై బొట్టువలె ఒక చిన్న సున్నయు నుండును. దానిని ఆంగ్‌స్ట్రామ్ అని చదువవలెనని మేము తరగతిలో చెప్పుదుము, విద్యార్థులు వ్రాసికొందురు, అంతటితో ఆ మాట ముగియును. ఒక మనుష్యుని పేరు కొలతకు పేరుగా నిలిచినప్పుడు ఆ కొలత వెనుక మనుష్యుడు మరుగుపడిపోవుట తరచుగా జరుగుచుండును. ఇది మనుష్యుని పేరా, ఊరి పేరా యని యొక విద్యార్థి మమ్ము అడిగెను. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు మేము వ్రాయు ప్రత్యుత్తరము.

ఆండర్స్ యోనాస్ ఆంగ్‌స్ట్రామ్ 1814వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన స్వీడను దేశమున మేడెల్‌పాడ్ అను సీమలో లోగ్డో అను చిన్న యూర జన్మించెను. ఆ యూర ఇనుము పనిచేయు కర్మాగారమొకటి యుండెను. తండ్రి యోహాన్ అచటి జనులకు లూథరను సంఘపు బోధకుడు. గుంటూరు, రాజమహేంద్రవరము ప్రాంతముల లూథరను సంఘముల నెరిగిన మన చదువరులకు ఆ సంప్రదాయము క్రొత్తది కాదు. ఆ బోధకుని కుమారులు ముగ్గురును ఉన్నతవిద్య నేర్చిరి. వారిలో యోహాన్ అనునతడు వైద్యుడును వృక్షశాస్త్రజ్ఞుడును ఆయెను; కార్ల్ ఆరెంట్ అనునతడు గనుల శాస్త్రమును చేపట్టెను; మన ఆండర్స్ వెలుతురును పట్టుకొనెను. బోధకుల యిండ్లలోను, ఉపాధ్యాయుల యిండ్లలోను ధనముకంటె పుస్తకములెక్కువగా నుండుట ఏ దేశముననైనను వాడుకయే కాబోలు.

ఈయన హార్నోసాండ్ పట్టణమున పాఠశాల చదువు ముగించి, 1833లో ఉప్సాలా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. 1839లో డాక్టరు పట్టము పొంది, అచ్చటనే భౌతికశాస్త్రమును బోధింప నారంభించెను. చిన్న చిన్న ప్రయాణములు తీసివేసిన యెడల, తరువాతి ముప్పదియైదేండ్ల జీవితమంతయు ఆ యొక్క పట్టణముననే గడచినదని చెప్పవచ్చును. కావున ఈయన చరిత్రలో సాహసయాత్రలు లేవు, యుద్ధములు లేవు. ఒక గీత మాత్రము కలదు. దానికొరకే మేమీ చరిత్రను వ్రాయుచున్నాము.

ఉప్సాలా పట్టణమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. అది ఉత్తర అక్షాంశము 60 డిగ్రీలకు చేరువనున్నది. అచటి విశ్వవిద్యాలయము 1477లో స్థాపింపబడినది. జ్వరమును కొలుచు గాజుగొట్టముపై సెల్సియసు అను పేరు చూచుచున్నాము గదా, ఆ సెల్సియసు పండితుడు అచటివాడే. అతడు ఉత్తరపు ఆకాశమున రాత్రులయందు కానవచ్చు ధ్రువజ్యోతిని గూర్చి 316 పరిశీలనములను 1733లో గ్రంథముగా ప్రకటించెను. అతడును అతని సహచరుడు హియోర్టరును 1741లో మరియొక వింతను కనుగొనిరి: ఆకాశమున జ్యోతి లేచిన రాత్రి గదిలోని దిక్సూచి ముల్లు తనంతట తాను కదలుచుండెను. ఆకాశపు వెలుగునకును భూమి యొక్క అయస్కాంతశక్తికిని సంబంధము కలదని దీనివలన తెలిసెను. ఆ వెలుగు దేనినుండి పుట్టుచున్నదో మాత్రము తెలియలేదు. ఆంగ్‌స్ట్రామ్ ఉప్సాలాకు వచ్చునాటికి ఆ ప్రశ్న వందయేండ్ల నాటిది.

మనలో అనేకులు ధ్రువజ్యోతిని కన్నులార చూడలేదు, మేమును చూడలేదు. చిత్రములలో చూచిన దానినిబట్టి చెప్పుచున్నాము. మొదట ఉత్తరపు దిక్కున నేలకు కొంచెము పైగా వెలవెలబోవు విల్లు వంటి కాంతి కనబడును. అది కొంతసేపు కదలక నిలిచి, పిమ్మట ఒక్కసారిగా చీలి, దండెముపై ఆరవేసిన పొడవైన చీర గాలికి ఊగినట్లు మడతలు మడతలుగా ఊగును. దాని రంగు తరచుగా లేత ఆకుపచ్చ. కొన్ని రాత్రులు పై అంచున ఎరుపును, క్రింది అంచున ఊదాయు గులాబియు కానవచ్చును.

ఆంగ్‌స్ట్రామ్ మొదట ఈ జ్యోతిని పట్టించుకొన్నవాడు కాడు. 1842లో స్టాక్‌హోము నక్షత్రశాలలో పని నేర్చుకొని, మరుసటి యేట ఉప్సాలా నక్షత్రశాలయందు పరిశీలకుడుగా నియమింపబడెను. స్వీడను దేశమున పలుచోట్ల భూమి యొక్క అయస్కాంతశక్తిని కొలిచెను. యూజెనీ యను స్వీడను యుద్ధనౌక 1851 మొదలు 1853 వరకు భూగోళమును చుట్టివచ్చినప్పుడు తెచ్చిన అయస్కాంత కొలతలను లెక్కగట్టు భారమును శాస్త్ర పరిషత్తువారు ఈయనపై మోపిరి. ఆ లెక్కలు ఈయన మరణమునకు కొలదికాలము ముందుగాని ముగియలేదు. అట్టి పనియందు కీర్తి తక్కువ, శ్రమ యెక్కువ. అయినను అంకెతో ఓపికగా మెలగుట ఈయన అచ్చటనే నేర్చుకొనెనని మేము తలంచుచున్నాము.

1853లో ఈయన స్టాక్‌హోము శాస్త్ర పరిషత్తునకు కాంతిని గూర్చి ఒక వ్యాసమును సమర్పించెను. దానిలోని విషయమును విద్యార్థులకు వంటయింటి దృష్టాంతముతో చెప్పుదుము. మన యిండ్లలో దిష్టి తీసిన ఉప్పును పొయ్యిలో వేయు ఆచారము కొందరికి కలదు. వేసినంతనే మంట పసుపుపచ్చగా లేచును. దిష్టి పోవు మాట మేమెరుగము. మంట రంగు మారుట మాత్రము సత్యము. ఆ వెలుగును సన్నని చీలికగుండ పోనిచ్చి, గాజుపట్టకముతో విడదీసి చూచిన యెడల, ఇంద్రధనుస్సువంటి పట్టీకి మారుగా ప్రకాశవంతమైన పసుపు గీత కానవచ్చును. అది ఉప్పులోని సోడియము యొక్క గుర్తు. ఇట్లే ప్రతి మూలపదార్థమునకును తనవైన గీతలు గలవు. ఒకని వ్రేలిముద్ర మరియొకనికి ఉండనట్లే, ఒక పదార్థపు గీతలు మరియొక పదార్థమునకు ఉండవు. విద్యుత్తు రవ్వను పరిశీలించి, దానిలో లోహపు గీతలును, చుట్టునున్న వాయువు గీతలును కలిసియున్నవని ఆంగ్‌స్ట్రామ్ ఆ వ్యాసమున చూపెను. మండుచున్న వాయువు ఏ వెలుగును విడుచునో ఆ వెలుగునే అది త్రాగివేయగలదనియు అందు తెలిపెను. 1855లో ఆ వ్యాసము ఆంగ్లమునకును జర్మను భాషకును అనువదింపబడెను. అయినను లోకము దానిని గట్టిగా పట్టించుకొనలేదు. 1859, 1860 సంవత్సరములలో హైడెల్‌బర్గునందు కిర్కాఫ్, బున్‌సెన్ అను జర్మను పండితులు ఈ శాస్త్రమును దృఢమైన పునాదిపై నిలిపిన పిమ్మట, మొదట చెప్పినది ఎవరన్న వివాదము బయలుదేరెను. మా యభిప్రాయమున వారి పని మరింత పూర్ణమైనది. ఈయన మాట మరింత ముందటిది. ఇరువురికిని న్యాయము చేయుటకు ఇంతకన్న చెప్ప పనిలేదు.

1858లో, నలువది నాలుగవ యేట, ఈయనకు ఉప్సాలాలో భౌతికశాస్త్ర ఆచార్యపదవి లభించెను. 1862లో సూర్యునియందు ఉదజని కలదని ప్రకటించెను. సూర్యకాంతిని విడదీసినప్పుడు కనబడు నల్లని గీతలనన్నిటిని కొలిచి పటముగా వేయుట తరువాతి పెద్ద పని. కిర్కాఫ్ వేసిన పటమున గీతల స్థానములకు గుర్తులుగా ఉన్న అంకెలు ఆయన పరికరమునకు మాత్రమే చెల్లునవి. అట్టి అంకెలు మరియొక ఊరిలో మరియొకని పరికరమునకు పనికిరావు. మన గ్రామములలో ఒక్కొక్కరి మూర ఒక్కొక్క పొడవుండుట ఎరిగినవారికి ఈ కష్టము సులభముగా బోధపడును. అందుచే ఆంగ్‌స్ట్రామ్ ప్రతి గీతకును దాని కాంతితరంగపు నిజమైన పొడవునే గుర్తుగా పెట్టదలచెను. గాజుపలకపై మిక్కిలి దగ్గర దగ్గరగా గీతలు గీయుటలో నేర్పరియగు నోబర్ట్ అను జర్మను పనివాని పలకలను ఉపయోగించి, మిల్లీమీటరును కోటి భాగములు చేసి, అందొక భాగమును ప్రమాణముగా గైకొని, వేయి గీతలకు పైగా కొలిచి, 1868లో పటమును ప్రకటించెను. ఆ కోటివ వంతుకే తరువాతివారు ఈయన పేరు పెట్టిరి. ఈ పనియందు ఆయనకు తోడుపడినవాడు రాబర్ట్ థాలేన్.

ఈ పటము పని జరుగుచుండగనే, 1867లో, ఆంగ్‌స్ట్రామ్ తన పరికరమును సూర్యునినుండి త్రిప్పి, ఉత్తరపు రాత్రియాకాశమువైపు పెట్టెను. ధ్రువజ్యోతి కాంతిని ఇట్లు విడదీసి చూచినవారిలో ఈయనయే ప్రథముడు.

ఆ పని సులభమైనది కాదు. ఉత్తరదేశపు చలికాలపు రాత్రి. జ్యోతి ఎప్పుడు వచ్చునో, ఎంతసేపు నిలుచునో ఎవరును చెప్పజాలరు. వచ్చినను దాని వెలుగు మసక. మసక వెలుగును చూచుటకు చీలికను వెడల్పు చేయవలెను. వెడల్పు చేసినకొలది గీత ఎచ్చట నున్నదో నిశ్చయముగా చెప్పుట కష్టమగును. ఆ కాలమున ఇట్టి వెలుగునకు ఫోటోగ్రాఫు సహాయము లేదు. కన్నే సాక్షి, చేయియే లేఖకుడు.

ధ్రువజ్యోతి సూర్యకాంతివలె అన్ని రంగుల మిశ్రమమై యున్నయెడల పట్టకము దానిని ఇంద్రధనుస్సుగా పరచియుండును. ఆంగ్‌స్ట్రామునకు అట్లు కనబడలేదు. చీకటియందు ఒక్క ప్రకాశవంతమైన గీత, పసుపునకును ఆకుపచ్చకును నడుమ, నిలిచియుండెను. దానికి తోడుగా నీలమువైపున మూడు మసక పట్టీలు మాత్రము లీలగా కనబడెను. వెలుగులో దాదాపు అంతయు ఆ యొక్క గీతయందే యుండెను. ఆయన దానిని కొలిచి 5567 అని వ్రాసికొనెను.

పిమ్మట ఆ గీత ఏ పదార్థమునకు చెందినదో వెదకెను. సోడియముది కాదు, ఇనుముది కాదు, ఉదజనిది కాదు. తెలిసిన పదార్థములలో దేని గీతలతోను అది సరిపోలలేదు. వ్రేలిముద్ర స్పష్టముగా నున్నది. మనుష్యుడు మాత్రము పట్టికలో లేడు. తనకు నచ్చిన పదార్థము పేరును ఆ గీతకు అంటగట్టి ఊరకుండుట ఆయనకు అసాధ్యము కాదు. ఆ దినములలో ఆయన మాటను కాదనగలవారు మిక్కిలి కొద్దిమంది. ఆయన అంకెను వ్రాసెను, పేరును వ్రాయలేదు.

అప్పుడే మరియొక వింత జరిగెను. 1867 మార్చి నెలలో ఒక వారము దినములు, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పడమట శంకువువలె లేచు మసక వెలుగు ఉప్సాలాలో అసాధారణముగా ప్రకాశించెను. దానిని రాశిచక్రకాంతి యందురు. ఆంగ్‌స్ట్రామ్ దానివైపు పరికరమును త్రిప్పగా అందును అదే గీత! అంతటితో ఆగక, జ్యోతియేమియు లేక నక్షత్రములు మాత్రమున్న ఒక రాత్రి ఆకాశమునందు వేరువేరు దిక్కులను పరీక్షింపగా, మిక్కిలి మసకగా నైనను, అన్ని దిక్కులయందును ఆ గీత జాడ కనబడెను. దీనివలన రాశిచక్రకాంతియు ధ్రువజ్యోతియు ఒక్కటేయని కొందరు తలంచిరి. అది పొరపాటు. రాశిచక్రకాంతి ధూళిపై పడి చెదరిన సూర్యకాంతియే యని ఇప్పుడు మనకు తెలియును. ఆంగ్‌స్ట్రామ్ కన్ను మాత్రము పొరపడలేదు. ఆయన చూచిన గీత నిజముగా అచ్చట నుండెను. అది ఆ కాంతికి ముందు, మన భూమిని కప్పిన వాయువునందే యుండెను. ఈ సంగతికి చివర మరల వత్తుము.

1870లో లండను రాయల్ సొసైటీవారు ఆంగ్‌స్ట్రామును తమ విదేశీయ సభ్యునిగా చేర్చుకొనిరి. 1872లో రమ్‌ఫర్డ్ పతకము నిచ్చిరి. ఈ గౌరవములు వచ్చు కాలమున ఆయన మరల ధ్రువజ్యోతి ప్రశ్నను చేపట్టెను. ఒక గాజుబుడ్డి అడుగున తేమను పీల్చు భాస్వరపు పొడిని పరచి, లోని గాలిని కొన్ని మిల్లీమీటర్ల పీడనము మాత్రము మిగులునట్లు తోడివేసి, విద్యుత్తును పంపగా, బుడ్డి అంతయు ఊదారంగు వెలుగుతో నిండెను. ఆ వెలుగును విడదీసి చూడగా ధ్రువజ్యోతిలోని మసక పట్టీలు ఇంచుమించుగా అందు కానవచ్చెను. అనగా ఆ పట్టీలు మన గాలివే. తరువాతి పరిశోధనలవలన అవి నత్రజనివని తేలినది. ఆకుపచ్చ గీత మాత్రము ఆ బుడ్డిలో కనబడలేదు. దానిని గూర్చి ఆయన ఒక ఊహను ఊహగానే చెప్పెను: ఆ గీత సామాన్యపు విద్యుత్ప్రకాశము కాకపోవచ్చును, కొన్ని వస్తువులు వెలుగును గ్రహించి పిమ్మట మెల్లగా విడుచునట్లు విడువబడిన వెలుగు కావచ్చును, ఆమ్లజనికి అట్టి గుణము కలదని తెలిసియున్నది గదా యని. ఆమ్లజని యనగా మనము పీల్చు ప్రాణవాయువే. ఆ వ్యాసము ముద్రితమై వచ్చు వేళకు ఆయన లేడు. 1874 జూన్ 21వ తేదీన, మెదడుపొరల వాపుచే, అరువదియేండ్లు నిండకమునుపే ఉప్సాలాలో మరణించెను. కుమారుడు క్నూట్ అప్పటికి పదునేడేండ్ల బాలుడు. అతడును పెరిగి ఉప్సాలాలో భౌతికశాస్త్ర ఆచార్యుడాయెను.

ఆంగ్‌స్ట్రామ్ కొలతలందు ఒక దోషము కలదు. దానిని దాచుట మాకిష్టము లేదు. సూర్యపటమునకు ఆధారమైన ఉప్సాలా మీటరు కొలబద్ద పొడవును గూర్చిన లెక్కలో చిన్న తప్పు దొరలెను. అందువలన పటములోని ప్రతి సంఖ్యయు ఏడెనిమిది వేలలో ఒక వంతు తగ్గెను. ఆయన పోయిన పదేండ్లకు, 1884లో, ఆయన సహాయుడు థాలేన్ ఆ దోషమును సరిదిద్ది ప్రకటించెను. ఆకుపచ్చ గీత నిజమైన సంఖ్య 5577; ఆంగ్‌స్ట్రామ్ వ్రాసినది 5567. ఈ పది భాగముల తేడాకు కొలబద్ద దోషము కారణమని చెప్ప వీలులేదు. అది ఒక్క భాగమునకైనను చాలదు. మసక వెలుగును కంటితో కొలుచుటలోని కష్టమే దీనికి ముఖ్యకారణమని మేమనుకొందుము. అయినను ఒక మిల్లీమీటరులో 1793 అలలు పట్టునంత చిన్న తరంగమును ఐదువందల వంతులో ఒక వంతు తేడాతో, చలిరాత్రి, మిణుకుమిణుకుమను వెలుగుతో కొలిచెనని మరువరాదు.

కాని ఈ చిన్న తేడా తరువాతివారికి కొంత తిప్పలు తెచ్చెను. 1898లో క్రిప్టాన్ అను అరుదైన వాయువు కనుగొనబడినప్పుడు, దాని ఆకుపచ్చ గీత 5570 చెంత నుండుటచే, ధ్రువజ్యోతి క్రిప్టానుదేయని కొందరు సంతోషించిరి. 1911లో వెగెనర్ పండితుడు, భూమిపై దొరకని మిక్కిలి తేలికయైన వాయువొకటి ఆకాశపు పైభాగమున కలదనియు, ఆ గీత దానిదేననియు ఊహించి, దానికి పేరు కూడ పెట్టెను. ఖండములు కదలుచున్నవని చెప్పిన వెగెనరు ఈయనయే. ఒకచోట గురి తగిలినవానికి మరియొకచోట తప్పుట లోకసహజము. 1924లో నార్వేదేశపు వెగార్డ్ పండితుడు ఆ గీత పైని గడ్డకట్టిన నత్రజని కణములదని వాదించెను. 1923లో అమెరికాలో బాబ్‌కాక్ అనునతడు రాత్రి ఆకాశమునుండి వచ్చు ఆ గీతను మిక్కిలి సూక్ష్మముగా కొలిచి 5577.350 అని తేల్చుటతో క్రిప్టాను మాట అబద్ధమాయెను. ఖచ్చితమైన అంకె ముందర అందమైన ఊహలు నిలువజాలవు.

ఆంగ్‌స్ట్రామ్ ఆ గీతను చూచిన 1867వ సంవత్సరముననే, అక్టోబరు 14వ తేదీన, కెనడా దేశమున ఇంగర్‌సాల్ అను ఊర జాన్ మెక్‌లెనన్ అను బాలుడు పుట్టెను. గీత ఒక దేశమున, దాని గుట్టు విప్పువాడు మరియొక దేశమున, ఒకే యేట వెలువడిరి. మెక్‌లెనన్ టొరాంటో విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, మొదటి ప్రపంచయుద్ధ కాలమున భూమినుండి వెలువడు సహజవాయువునుండి హీలియమును తీయు పనికి నాయకత్వము వహించెను. అందువలన ఇతరులకు దుర్లభమైన హీలియము ఆయన ప్రయోగశాలలో సమృద్ధిగా నుండెను. ఆయనయు ఆయన శిష్యుడు గార్డన్ ష్రమ్ అనునతడును ఆమ్లజనితో హీలియమును విస్తారముగా కలిపి గాజుగొట్టమున నింపి విద్యుత్తును పంపగా, ఎవరి ప్రయోగశాలలోను అంతవరకు కనబడని ఆకుపచ్చ గీత వెలిగెను. సంఖ్య 5577. 1925లో వారు దానిని ప్రకటించిరి. ఏబదియెనిమిదేండ్లు లోకము వెదకిన అపరిచితుడు, మన ఊపిరిలో నిత్యము వచ్చిపోవు ప్రాణవాయువే!

అంత సామాన్యమైన వాయువు అంతకాలము ఏల దొరకలేదని విద్యార్థులు అడుగవలెను. అడుగనివారికి మేమే చెప్పుదుము. మొదటి కారణము: మనము పీల్చు గాలిలో ఆమ్లజని రెండేసి పరమాణువుల జంటలుగా నుండును. వంద కిలోమీటర్లకు పైన సూర్యుని తీక్ష్ణకిరణములు ఆ జంటలను విడగొట్టుటచే అచ్చట ఒంటరి పరమాణువులు విస్తారముగా నుండును. ఆకుపచ్చ గీత ఆ ఒంటరి పరమాణువుది.

రెండవ కారణము మరింత చక్కనిది. పరమాణువునకు మెట్లవంటి శక్తిస్థితులు గలవు. సూర్యునినుండి వచ్చు విద్యుత్కణములు భూమి అయస్కాంతశక్తికి లోబడి, దాని క్షేత్రమున వేగము పుంజుకొని, ధ్రువప్రాంతముల గాలిని మొత్తును. ఆ మొత్తుడువలన ఆమ్లజని పరమాణువు పైమెట్టునకు ఎక్కును. తిరిగి దిగునప్పుడు ఆ శక్తిని వెలుగుగా విడువవలెను. సామాన్యముగా పరమాణువులు సెకనులో పదికోట్ల వంతు కాలములోనే ఇట్లు దిగివేయును. ఆమ్లజనికి గల ఈ మెట్టు అట్టిది కాదు. ప్రకృతి నియమములు ఆ దిగుటను దాదాపు నిషేధించినవి. కావున పరమాణువు ఇంచుమించు ముక్కాలు సెకను తడబడి, పిమ్మట దిగి, ఆకుపచ్చ వెలుగును విడుచును. ముక్కాలు సెకను మనకు రెప్పపాటు, పరమాణువునకు యుగము. నేలమీది గాలిలో ఒక్కొక్క కణము సెకనునకు వందల కోట్ల తాకుడులు తినును. అందు ఎవడో యొకడు ఆ శక్తిని లాగికొనును; వెలుగు పుట్టదు. నూటపది కిలోమీటర్ల ఎత్తున గాలి నేలమీది గాలిలో కోటివ వంతు కూడ లేదు. అచ్చటను తాకుడులు కలవు గాని, తాకువానిలో పెద్దభాగము నత్రజని. నత్రజనికి ఈ శక్తిని లాగికొను నేర్పు మిక్కిలి తక్కువ. ఆంగ్‌స్ట్రామ్ బుడ్డిలో వాయువులు క్రిక్కిరిసి యుండెను, గోడలును దగ్గర. పరమాణువు వెలుగక పూర్వమే ఎచ్చటనో తగులుచుండెను. మెక్‌లెనన్ గొట్టమున హీలియము ఆమ్లజనిని గోడలవైపు పోనీయక అడ్డగించి, తాను మాత్రము దాని శక్తిని ముట్టక విడిచెను.

ఆకుపచ్చ వెలుగుతో ఆ పరమాణువు అడుగుమెట్టునకు చేరదు. నడిమి మెట్టునకు చేరును. అచ్చటనుండి దిగుటకు దానికి దాదాపు రెండు నిమిషములు పట్టును. ఆ దిగుటలో విడుచు వెలుగు ఎరుపు, సంఖ్య 6300. రెండు నిమిషములు ఎవరును తాకక యుండవలెనన్న గాలి మరింత పలుచన కావలెను. అందుచే ఎరుపు రెండువందల కిలోమీటర్లకు పైననే కనబడును. ధ్రువజ్యోతి తెర పై అంచు ఎర్రగా నుండుటకు ఇదియే హేతువు. అంత యెత్తున నుండుటచే ఎరుపు దూరదేశములకును కానవచ్చును. 2024 మే నెల 10, 11 తేదీల నడిమి రాత్రి సూర్యునినుండి గొప్ప తుపాను వచ్చినప్పుడు, లడఖులోని హాన్లే నక్షత్రశాల కెమేరాలు ఉత్తరపు దిక్కున ఎర్రని వెలుగును పట్టుకొన్నవి. క్రిందనున్న ఆకుపచ్చ భూమి గుండ్రని వంపు చాటున పడిపోగా, ఆమ్లజని ఎరుపు మాత్రము మన దేశమునకు కనబడెను.

ఇక ఆంగ్‌స్ట్రామ్ నక్షత్రముల రాత్రి అన్ని దిక్కుల చూచిన ఆ మసక జాడ సంగతి. పగలు సూర్యకిరణములచే విడివడిన ఆమ్లజని పరమాణువులు రాత్రివేళ మరల జంటలగును. అప్పుడు వెలువడు శక్తిలో కొంత మరికొన్ని ఆమ్లజని పరమాణువులకు చేరి, వానిని అదే పైమెట్టునకు ఎక్కించును. అవి అదే ఆకుపచ్చ గీతను విడుచును. దీనికి ధ్రువము అక్కరలేదు, సూర్యుని తుపాను అక్కరలేదు. భూమినంతయు చుట్టి తొంబది, వంద కిలోమీటర్ల ఎత్తున ఆ వెలుగు ఒక పలుచని పొరవలె నిలిచియుండును. అంతరిక్షమున తిరుగు యాత్రికులు తీసిన ఛాయాపటములలో భూమి అంచుపై సన్నని ఆకుపచ్చ రేఖగా అది కనబడుచున్నది. మన కన్నులకు ఆనదు గాని, బందరు తీరమున బెస్తలు పడవలు నడుపు చీకటి రాత్రులయందును, మన వసతిగృహపు విద్యార్థులు వేసవిలో డాబాపై పండుకొని నక్షత్రములను లెక్కపెట్టు రాత్రులయందును, వారి తలలపై 5577 సంఖ్య గల ఆ వెలుగు ఉండనే యున్నది.